లింగన్న ఎండేసిన గుమ్మడి గింజలు

లింగన్నకు కోపం పోయిందట. ఆ మాట అతనే మఠంలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాడు.

పొలం గట్టు తగాదాలో అన్న మారెన్నతో మాటలు పోయి ఏడేళ్ళయింది. ఆ కసితోనే ఇల్లు వదిలి, ఓబులస్వామి మఠానికి వచ్చి వంట చేస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు అన్న కూతురు సుంకమ్మ పెళ్ళి. "చిన్నాయనా, నువ్వు రాకుంటే నేను పీటల మీద కూర్చోను" అని కబురు పంపింది. భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పిన పిల్లాయె. లింగన్నకు కాలు నిలవడం లేదు.

"పోయొస్తా సామీ," అన్నాడు మూట కట్టుకుని. "అందరి ముందరా అన్నను క్షమించేసి వస్తా. నా మనసులో ఇప్పుడేమీ లేదు."

"మంచిదే. పిల్లకేం తీసుకుపోతావు?"

"గుమ్మడి గింజలంటే దానికి పిచ్చి సామీ. నిన్ననే పీచు తీసి, కడిగి ఎండేసినా."

"అయితే నేను వేయించిస్తా," అని స్వామి లేచాడు. పొయ్యి మీద మూకుడు పెట్టి, మంట బాగా ఎగదోసి, గుప్పెడు గింజలు అందులో పోశాడు. స్వామి ఎన్నడూ గరిటె పట్టిన మనిషి కాడు మరి!

"అయ్యో, ఆగండి సామీ!" అని చెయ్యి పట్టి వెనక్కి లాగేలోపే రెండు గింజలు టప్పున పేలి గోడకు తగిలాయి. లింగన్న గబుక్కున మూత పెట్టి మూకుడు దించాడు. "కన్ను పోయుండేది! తడి గింజలు ఎవరన్నా వేయిస్తారా?"

"తడి ఎక్కడుందిరా? గలగలలాడుతున్నాయి కదా."

"పైపొట్టు ఒక్కపూటకే ఆరుతుంది సామీ. లోపల పప్పు ఆరొద్దా? ఇట్లా వంచి చూడాల." గుడ్డ మీది గింజనొకటి తీసి వేళ్ళ మధ్య వంచాడు. అది విరగలేదు, మెత్తగా వంగింది. "పుటుక్కున విరిగితేనే పొయ్యెక్కించేది. అదీ సన్నసెగ మీద, కలబెడుతూనే ఉండాల."

"నాకేం తెలుసు నాయనా," అంటూ స్వామి పీట మీద చతికిలబడ్డాడు. మామూలుగానే అన్నాడు. "ఆ గట్టు మీ అన్నదేనటరా."

అంతే! "ఎవడన్నాడు సామీ? వాడి నోట్లో మన్ను పొయ్య! నేను సంతకు పోయిన పూట చూసుకుని రాయి జరిపినాడు దొంగనాయాలు! మా నాయన ఉండుంటే..." లింగన్న అరుపులకు కొట్టంలో ఆవులు తలలెత్తి చూశాయి. స్వామి కూడా అట్లాగే చూస్తూ కూర్చున్నాడు.

లింగన్న నోరు దానంతటదే ఆగింది.

"పెళ్ళెప్పుడు?"

"నాలుగు రోజులుంది సామీ."

"ఎండ బాగానే కాస్తోంది," అని స్వామి లేచి వెళ్ళిపోయాడు.

లింగన్న మూట విప్పలేదు గానీ బయలుదేరనూ లేదు. ఇదే నోరు పెళ్ళిపందిట్లో జారితే? పీటల మీద ఆ పిల్ల ముఖం కళ్ళ ముందు మెదిలింది. గింజలన్నీ మళ్ళీ ఎండలో పలచగా పరిచాడు.

మర్నాడు స్వామి వచ్చి ఒక గింజ వంచాడు. వంగింది. "గట్టు మీ అన్నదేనటరా," అన్నాడు. లింగన్న పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాడు. ఊరుకున్నాడే గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాతి రోజు "అవునేమో సామీ," అన్నాడు పుల్ల విరిచినట్టు.

మూడో రోజు మధ్యాహ్నం స్వామి వచ్చేసరికి లింగన్న గింజల పక్కనే ఎండలో కూర్చుని ఉన్నాడు. స్వామి ఒక గింజ చేతిలోకి తీసుకున్నాడు. "ఆ గట్టు..." అనబోయాడు.

"ఆ గట్టు మీద రేగుచెట్టు ఉండేది సామీ," అన్నాడు లింగన్న. "నాకు ముళ్ళు గుచ్చుకుంటాయని అన్న తనే పళ్ళు కోసి పెట్టేవాడు. చేతులన్నీ గీరుకుపోయేవి. ఏడేళ్ళలో నాకది ఒక్కసారన్నా గుర్తుకు రాలేదు." పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. "క్షమించమని నేనే అడగాల. అడగనిస్తాడో లేదో."

స్వామి చేతిలోని గింజను వంచి చూడకుండానే గుడ్డ మీద పెట్టేశాడు.

"పొయ్యి వెలిగించు నాయనా. సాయంత్రం బస్సు అందుకోవాల."