తొలిముద్ద ఏలినవారిదే

ఒకానొక రాజ్యంలో, ఏటి ఒడ్డు పేటలో, నూకాలని ఒక ఇల్లాలు ఉండేది. మొగుడు చేపలు పట్టేవాడు, ఆవిడ పెరట్లో ఆనపపాదులు పెంచేది. వానాకాలం ఏరు పొంగి వల వేయడానికి వీల్లేనప్పుడు, తడిపిన ఎండుగడ్డిలో ఆవిడ పెంచే పుట్టగొడుగులే ఆ ఇంటికి ఆధారం.

ఆ రాజ్యాన్ని ఏలేది ప్రచండసేనుడు. ఆయన దర్పం ఏం చెప్పేది, తుమ్మినా సభంతా లేచి నిలబడాల్సిందే. ఒకనాడు డప్పు కొట్టించాడు: "విత్తు వేయకుండా మొలిచిందల్లా ఏలినవారిదే."

పుట్టగొడుక్కి విత్తనం ఎక్కడిది? భటులు వచ్చి గడ్డి చూసి, "ఒక్కటి నోట్లో పెట్టుకున్నా నాలుక కోస్తాం" అని చెప్పి పోయారు. ఆ పూట పొయ్యి రాజుకోలేదు.

మర్నాడు ఆవిడ దాకెడు పుట్టగొడుగుల కూర వండి, కొంగున ఇంత చద్దన్నం కట్టుకుని సభకు వెళ్లింది.

"తమ సొత్తు తెచ్చాను మారాజా."

మూత తీసేసరికి ఘుమఘుమలాడింది. రాజు మీసం దువ్వుకున్నాడు. "వడ్డించు."

"చిత్తం. మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది బాబూ. పుట్టగొడుగుల్లో మంచివీ ఉంటాయి, మనిషిని తీసుకుపోయేవీ ఉంటాయి. అందుకని సొత్తు ఎవరిదో వాళ్లే తొలిముద్ద తినాలి. తిన్నవాళ్లు చుట్ట కాల్చుకుని లేచి నడిస్తేనే తక్కినవాళ్లకి వడ్డన. ఇన్నేళ్లూ మా ఇంటాయన తిన్నాడు. ఇప్పుడు తమరు."

వింజామర వీచేవాడి చెయ్యి గాల్లోనే ఆగింది. రాజు మొహం సున్నం కొట్టినట్టయింది.

"మంత్రి తింటాడు" అన్నాడు.

"ఏలినవారి సొత్తు మంత్రిగారు ముట్టొచ్చా? నాలుక కోస్తారట గదా."

"నిజమే ప్రభూ, కోస్తారు" అన్నాడు మంత్రి, అప్పటికే స్తంభం చాటుకు చేరి.

రాజు దాక వంక చూశాడు. దాకలోంచి పామేదో లేస్తుందన్నట్టు చూశాడు. "తీసుకుపోవే. అవి నావి కావు, నీవే. నువ్వే తిను."

"సభవారు విన్నారు గదా" అని నూకాలు అక్కడే చతికిలబడి, కొంగు విప్పి, చద్దన్నంలో కూర కలుపుకుని తినసాగింది. సభవారంతా మెడలు సాచి చూస్తున్నారు. ఆవిడ మాత్రం వేళ్లు కూడా నాక్కుంది.

"చావవూ?" అన్నాడు రాజు నోరు తెరిచి.

"నా చేత్తో పెంచినవి, ఎందుకు చస్తాను బాబూ?"

"చంపేవి ఉంటాయన్నావు."

"అడవిలో ఉంటాయి. ఈ దాకలో ఉన్నాయని నేనన్లేదే."

రాజు కిరీటం జారేట్టు నవ్వాడు. భుజాన ఉన్న పట్టుశాలువా తీసి ఆవిడకు కప్పించి, మిగిలిన కూర తానే అడిగి తిన్నాడు.

ఆనాటినుంచి ఆ కోటలో కొత్త చాటింపు ఏది వేయాలన్నా, "తొలిముద్ద ఎవరిది?" అని మంత్రి అడిగేవాడట. జవాబు వచ్చాకగానీ డప్పు ముట్టనిచ్చేవాడు కాదట.