బ్రేకులో పోసిన దీపం నూనె

ముందుది వెనక, వెనకది ముందు చెబుతానేమో, సర్దుకోండి పిల్లలూ. అనగనగా కొండమీద ఒక చిన్న సంస్థానం. అక్కడి రాజుగారికి ఒక నల్లకారు. దాని డ్రైవరు అప్పలస్వామి.

ఆయుధపూజనాడు అప్పలస్వామి కారు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాడు. బానెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిలు డబ్బా సగం ఖాళీ! ఆయిలు ఎటు కారిపోతోందో వెతకలేదు. పండగపూట కొండ దిగి కొనుక్కొచ్చే ఓపికా లేదు. "ఏదైనా నూనే కదా, పైగా దేవుడిది" అనుకుని, దీపానికి తెచ్చిన నువ్వులనూనె అందులో ఒంపేశాడు.

ఒక్కసారి తొక్కితే ఆగే బండి, వారం తిరక్కుండా రెండుసార్లు తొక్కితేగాని ఆగలేదు. తర్వాత మూడుసార్లు. ఒకనాడు పెడలు నేలకంటా దిగిపోయింది. కారు పోయి గడ్డివాములో దూరింది!

మెకానిక్ గవరయ్య వచ్చి, పెడలు తొక్కితే ఆయిలును చక్రాలకు తోసే పాత మాస్టర్ సిలిండరు విప్పి కొత్తది బిగించాడు. పైపుల్లో గాలి తీశాడు. పెడలు గట్టిపడింది. కానీ పాతదాని రబ్బరు చూసి నోరు తెరిచాడు.

"ఏం పోశావు బావా ఇందులో? నానేసిన గారెలా ఉబ్బిపోయింది!"

"బ్రేకు ఆయిలే. పాతబడితే ఉబ్బదా ఏం? నీ పని నువ్వు చూసుకో."

మర్నాడు పొద్దున్నే రాజుగారి కూతురు, ఆరేళ్ల మనవరాలు మందాకిని పట్నానికి బయల్దేరారు.

"ఏరా, బ్రేకులు బాగున్నాయా?" అన్నారు రాజుగారు.

నిజం చెబితే కొలువు పోతుంది. "భేషుగ్గా ఉన్నాయి ప్రభూ!" అన్నాడు అప్పలస్వామి.

మందాకిని ముందు సీటెక్కి, బొమ్మను ఒళ్లో పెట్టుకుంది. "అప్పలస్వామి తాతా, కొండ దిగేటప్పుడు బండి ఆగుతుందా? నా బొమ్మకి భయం."

అప్పలస్వామి గబుక్కున కారు దిగి, రాజుగారి కాళ్లమీద పడ్డాడు.

"ప్రభూ! నేను పోసింది దీపం నూనె!"

వెంటనే గవరయ్యను పిలిపించారు. గవరయ్య చక్రాలు విప్పాడు. నాలుగింటిలోనూ రబ్బర్లు ఉబ్బి బిగుసుకున్నాయి.

"పైపుల నిండా ఆ నూనే ఉంది దొరా! కొత్త సిలిండరునూ తినేసేది. సగం కొండయినా దిగేవారు కాదు!"

తల్లి బిడ్డను గుండెకు అదుముకుంది. రాజుగారు అప్పలస్వామి వైపు తిరిగి అన్నారు: "నిన్న చెప్పి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. రేపు చెబితే వినడానికి వీళ్లు ఉండేవారా? లే. కొలువు ఎక్కడికీ పోదు."

ఆ రోజు ప్రయాణం ఆగింది. గవరయ్య పైపులు కడిగి, రబ్బర్లన్నీ మార్చి, కొత్త సిలిండరునూ మళ్లీ విప్పి బాగుచేశాడు. ఆనాటినుంచి అప్పలస్వామి బొట్టు పెట్టేముందే ఆయిలు చూసేవాడు. తగ్గితే, ఎక్కడ కారుతోందో తేలేదాకా తాళం తిప్పేవాడు కాదు.

చిన్నకోడలా, పేర్లు తారుమారయ్యాయేమో, నువ్వు రాసుకున్నది ఒకసారి సరిచూడమ్మా. నీతి మాత్రం నాకు బాగా గుర్తుంది: తప్పు చేసిన రోజున చెప్పలేకపోయినా, బండి కదిలేలోపైనా నిజం చెప్పెయ్యాలి.