మాస్టారి చెయ్యి

ఎవరైనా తిడితే తిరిగి తిట్టొచ్చు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, రెండు చేతులూ పట్టుకుని మరీ మెచ్చుకుంటే ఏం చేస్తాం? కనకకి ఆదివారం సాయంత్రం జరిగింది అదే. అప్పట్నుంచి పిల్లకి కంటిమీద కునుకు లేదు.

పూర్తి పేరు కనకమహాలక్ష్మి. విశాఖపట్నంలో వీధికో కనకమహాలక్ష్మి ఉంటుంది కాబట్టి మనమూ కనక అనేసుకుందాం. గిటారు వాయిస్తుంది, పాడుతుంది. ముగ్గురు స్నేహితుల్ని పోగేసి ఓ రాక్ బ్యాండు పెట్టింది. దానికి ‘ఉప్పుగాలి’ అని పేరు. సముద్రం పక్కన పుట్టినవాళ్ళకి ఇంకేం పేరు తోస్తుంది లెండి!

ఆ ఆదివారం ఓ కాలేజీ మైదానంలో వాయించారు. తను సొంతంగా కట్టిన పాట ‘ఆఖరి ట్రిప్పు’ కనక మొదటిసారి నలుగురి ముందు పాడింది. చనిపోయిన నాన్న మీద కట్టిన పాట. మాట కుదిరితే వరస కుదరక, వరస కుదిరితే ఏడుపొచ్చి, ఏడాది పట్టింది కట్టడానికి.

పాట అయ్యాక ఓ పెద్దాయన జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికొచ్చాడు. ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు.

"ఎన్నాళ్ళైందమ్మా ఈ పాట విని! టగ్‌బోటు వాళ్ళ రెండో క్యాసెట్టులోది కదూ? నా పెళ్ళప్పుడు వచ్చిన క్యాసెట్టు. చల్లగా ఉండు తల్లీ" అన్నాడు.

ఇది నా పాటండీ అనబోయింది కనక. ఆయన తడికళ్ళు చూసి తలూపేసింది.

టగ్‌బోటంటే ఎనభైల్లో విశాఖ పాత ఊళ్ళో పుట్టిన రాక్ బ్యాండు. ఓడలు దిగే సెయిలర్ల దగ్గర రికార్డులు బతిమాలి తెచ్చుకుని, అవి అరిగేదాకా విని, తెలుగులో పాటలు కట్టిన నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళ గిటారుకి ఒక తీరుంది. ఎక్కడా ఆగదు. పాడేవాడు ఊపిరి తీసుకునే సందులోకి కూడా గుడుగుడుమంటూ దూరిపోతుంది. చిన్న టగ్‌బోటు పెద్ద ఓడని హార్బర్లోకి లాక్కొచ్చినట్టే, పాట మొత్తాన్ని లాక్కెళ్ళిపోతుంది. ఆ గిటారు వాయించినాయన ఎబినేజరు. ఇప్పుడు డెబ్భై దాటాయి. ఆయనే కనకకి గురువు. పదమూడో ఏట గిటారు కూడా సరిగ్గా మోయలేని పిల్లకి మొదటి పాఠం చెప్పింది ఆయనే.

ఇవాళ శ్రీకాకుళం నుంచి తుని దాకా ఏ కుర్రకారు బ్యాండు విన్నా అందులో టగ్‌బోటు గుడుగుడు వినిపిస్తుంది. కనకకి వాళ్ళంటే చిన్నచూపు. "సొంత సరుకు లేని మొహాలు" అనేది. తనదాకా వస్తేగాని తెలీదంటారు కదా, వచ్చింది.

శనివారం బీచిలో పెద్ద కచేరీ ఉంది. టగ్‌బోటుని తలుచుకుంటూ కొత్త బ్యాండ్లన్నీ కలిసి చేస్తున్నది. ఒక్కో బ్యాండూ టగ్‌బోటు పాట ఒకటి, తమ సొంత పాట ఒకటి వాయించాలి. కనక వాళ్ళమ్మ ఇంతవరకు ‘ఆఖరి ట్రిప్పు’ వినలేదు. ఇంట్లో వద్దు, అందరి మధ్యా కూర్చుని వింటానంది. పాపం ఆవిడ చీర కూడా తీసి పెట్టుకుంది.

ఆవిడ కూడా విని, ఇది టగ్‌బోటు పాటే కదే అంటే? నాన్న మీద పాట కట్టి, ఆ పాటలో నాన్న లేకుండా పోతే? కనకని తినేస్తున్న దిగులు ఇదీ. ఆ పాట ఇక పాడకూడదని మంగళవారానికల్లా నిర్ణయించేసుకుంది. గిటారు కూడా ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంది.

బుధవారం మధ్యాహ్నం పాత ఊళ్ళో, కురుపాం మార్కెట్టు వెనక మాస్టారి మేడగదికి వెళ్ళింది. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఒక్కడే నవ్వుకుంటున్నాడు.

"రా రా, సమయానికొచ్చావు! ఈ పలాస కుర్రాళ్ళని విను."

టగ్‌బోటు పాటే. కుర్రాళ్ళు బాగానే వాయిస్తున్నారు. మధ్యలో ఒకచోట మాత్రం గిటారు, డ్రమ్ములు, పాడేవాడి గొంతు అన్నీ ఒక్కసారిగా వణికి, కిందికి జారి, మళ్ళీ లేచాయి.

"తప్పు వాయించారు" అంది కనక.

"తప్పేటే! క్యాసెట్టులో అక్కడ టేపు నలిగుంటది. వాళ్ళ నాన్నదో మావయ్యదో పాత క్యాసెట్టు. నలిగిన చోటు కూడా పాటే అనుకుని, నలుగురూ కలిసి కష్టపడి నేర్చేసుకున్నారు!"

నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. తరవాత కళ్ళు తుడుచుకుని ఫోను వంక ముద్దుగా చూశాడు. "ఎన్నిసార్లు వినుంటారో, పిచ్చి సన్నాసులు" అన్నాడు.

"మీకు కోపం రాదా మాస్టారూ? మీది ఎత్తుకుపోతుంటే?"

"బారసాలకెళ్తే ఏం చూస్తామమ్మా? ముక్కెవరిది, నుదురెవరిది అనే కదా. వీడికి నా ముక్కొచ్చింది. బాగుంది కదేటి?"

ఇంకోరోజైతే కనక పడీపడీ నవ్వేది. ఇవాళ మొహం చిన్నబోయింది. జరిగిందంతా చెప్పింది. పెద్దాయన సంగతి, అమ్మ సంగతి, శనివారం సంగతి. చెప్తూ చెప్తూ ఆఖరికి అనేసింది.

"నా చేతిలోంచి మీ చెయ్యి తీసెయ్యండి మాస్టారూ."

అనేశాక నాలిక్కరుచుకుంది. పదేళ్ళకి పైగా పాఠం చెప్పిన మనిషిని అనే మాటా అది?

మాస్టారు నొచ్చుకున్నట్టు లేదు. లేచి, గోడకున్న తన గిటారు దించి, శ్రుతి చూసుకున్నాడు. తన పేము కుర్చీ ఖాళీ చేసి, శిష్యులు కూర్చునే చాప మీద మెల్లగా, ఒక మోకాలు తరవాత ఒకటి మడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఆ పాట నాకు నేర్పు" అన్నాడు.

"వినిపించమంటారా?"

"వినిపించడం కాదు. నేర్పమంటన్నాను. కుర్చీలో కూకో."

"అయ్యో, మీరు కిందా నేను పైనా..."

"పాఠం చెప్పేవాళ్ళు పైనే కూకుంటారు. కానీ."

ఎబినేజరు మాస్టారి పాఠం ఎలా ఉంటుందో ఆ వీధి వీధంతటికీ తెలుసు. కాగితం ఉండదు, కబుర్లుండవు. ఒక ముక్క వాయిస్తాడు. శిష్యులు తిరిగి వాయించాలి. కుదరకపోతే "మళ్ళీ" అంటాడు. ఆ ఒక్క మాటే. దాంతోనే ఎంతమంది చేత కన్నీళ్ళు పెట్టించాడో, ఎంతమందిని వాద్యగాళ్ళని చేశాడో.

కనక భయం భయంగా మొదటి ముక్క వాయించింది. ఆయన తిరిగి వాయించాడు. రెండోది వాయించింది. అదీ వచ్చేసింది. వేళ్ళు ముసలివే గాని చెవి కుర్రది. చరణం సగానికి వచ్చేసరికి, ఆమె ముక్క పూర్తి చెయ్యకుండానే మిగతాది ఆయనే అందుకుంటున్నాడు. ఎప్పట్నుంచో తెలిసిన పాటలా ఆయన చేతిలో నీళ్ళప్రాయంగా సాగిపోతోంది.

ఆయన అంత సులువుగా పట్టుకుంటున్నకొద్దీ కనక గుండె నీరైపోయింది. అంతా ఆయనదే. ఆ పెద్దాయన అన్నదే నిజం. నాన్నా, నీ పాటలో నువ్వు లేవు, నన్ను క్షమించు అనుకుంది. ఎలాగూ మొదలెట్టింది కాబట్టి చరణం చివరికి తీసుకెళ్ళింది.

*డిపోలో బండి ఆగింది*
*ఇంటిలో దీపం వెలిగింది*
*గుమ్మంలో నిలబడి నాన్నా నువ్వు...*

అక్కడ పాట ఆగుతుంది. గిటారూ ఆగుతుంది. ఆ తరవాత *అన్నం తిన్నావా అన్నావు* అని అందరూ కలిసి ఎత్తుకోవాలి.

మాస్టారి గిటారు ఆ సందులోకి గుడుగుడుమంటూ దూరిపోయింది.

"మళ్ళీ" అంది కనక. తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు తనే ఉలిక్కిపడింది.

మళ్ళీ వాయించాడు. మళ్ళీ దూరిపోయాడు. ఈసారి ఆయనే తల అడ్డంగా ఊపి, పెదవి బిగించి మొదలెట్టాడు. చేతిని గట్టిగా ఆపుకున్నాడు గాని, ఆమె ఎత్తుకునేలోపే తీగల మీద పడిపోయింది.

"నాలుగు దెబ్బలు ఆగాలా?"

"కాదు మాస్టారూ."

"ఆరా?"

"కాదండీ... ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది."

"మరి మీ డ్రమ్ముల కుర్రాడెలా కొడతాడు?"

"జోగి కూడా తిట్టుకుంటాడు. నా మొహం చూసి కొట్టమంటాను."

కావాలని తప్పు వాయిస్తున్నాడేమో, నన్ను ఓదార్చడానికేమో అని కనకకి అనుమానమొచ్చింది. వంగి చూస్తే ఆయన మెడంతా చెమట. లేదు, ముసలాయనకి నిజంగానే రావట్లేదు.

"ఈ ఆగడం ఎక్కడిదమ్మా?" అన్నాడు.

"ఏమో మాస్టారూ. కట్టినప్పుడే అలా వచ్చింది. నేనేం అనుకుని..."

మాట సగంలో వదిలేసి, తీగల మీద చెయ్యి అలాగే ఉంచింది. మెల్లగా చెప్పింది.

"మా నాన్నకి నత్తి, మాస్టారూ."

కనక నాన్న సిటీ బస్సు కండక్టరు. నత్తి ఉన్న కండక్టరంటే జనానికి ఎంత కాలక్షేపమో వేరే చెప్పాలా! ‘గా... గా...’ అనేలోపే బస్సు బస్సంతా ‘గాజువాక!’ అని అందించేసేది. మంచికే అనుకోండి. నాన్న నవ్వేసి టిక్కెట్టు చింపేవాడు. రోజంతా ఊరు ఊరంతా ఆయన మాటల్ని ఆయనకి అందిస్తూనే ఉండేది.

"ఇంట్లో మాత్రం అమ్మ అందించనిచ్చేది కాదండీ" అంది కనక. "ఎంతసేపైనా సరే, ఎంత ఆకలేస్తున్నా సరే, ఆయన మాట ఆయనే అనాలనేది. ఆఖరి ట్రిప్పు దిగి వచ్చి చెప్పులు విడుస్తూ నన్ను చూసేవాడు. పెదాలు కదిలేవి. మాట వచ్చేది కాదు. ఏం అడుగుతాడో మాకు తెలుసు. రోజూ అదేగా. అయినా ఆగేవాళ్ళం."

మాస్టారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. గిటారు మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

"అయితే ఎంతసేపు ఆగమంటావు?"

"ఆయన అనేదాకా" అంది కనక.

అన్నాక, ఆ మాట తన చెవిన తనకే కొత్తగా పడింది. కళ్ళు పెద్దవి చేసుకుని మాస్టారి వంక చూసింది. ఆయన ఏమీ ఎరగనట్టు, పాఠానికొచ్చిన పిల్లాడిలా, కానిమ్మన్నట్టు తలూపాడు.

ఆమె మొదట్నుంచి పాడింది. డిపో, దీపం, గుమ్మం. ఆ చోటు వచ్చేసరికి మాస్టారు చెయ్యి తీగల మీంచి తీసి గాల్లో పెట్టి ఉంచాడు. నలభై ఏళ్ళ అలవాటు ఆ చేతిది. కిందికి రావాలని వేళ్ళు అదురుతున్నాయి. రానివ్వలేదు. కళ్ళు ఆమె మొహం మీంచి కదల్చలేదు. కింద వీధిలో అరటిపళ్ళ బండివాడు అరుచుకుంటూ వెళ్ళిపోయాడు. కనక తొందరపడలేదు. ఆ మేడగది గుమ్మంలో ఎవరో చెప్పులు విడుస్తున్నట్టే ఉంది ఆమెకి.

*అన్నం తిన్నావా* అని ఆమె గొంతు విప్పింది. మాస్టారి చెయ్యి సరిగ్గా ఆమెతో కలిసి పడింది.

పాట పూర్తయ్యాక కనక ఏడ్చింది. మొహం దాచుకోకుండా, హాయిగా ఏడ్చింది. మాస్టారు ఆమె కుదుటపడేదాకా తీగలు తుడుస్తూ కూర్చున్నాడు.

"శనివారం ఈ పాటకి నేనూ వాయిస్తానమ్మా, నువ్వు ఒప్పుకుంటే" అన్నాడు.

"అదేం మాట మాస్టారూ! మీరు వాయిస్తానంటే నేను ఒప్పుకోవడమేమిటి?"

"ఒక్కటే. నువ్వు కాస్త నా వైపు తిరిగి నిలబడాలి. నీ మొహం కనబడకపోతే ఎక్కడ ఎత్తుకోవాలో నాకు తెలీదు."