ముళ్లయ్యగారి శాలువా

“సన్మానం మొదలవుతోందహో! సన్మానం అయ్యాకే భోజనాలహో!”

కాకి కావయ్య ఇప్పకోన అడవి వీధి వీధీ తిరుగుతూ గొంతు చించుకుంటున్నాడు. ఆ కేక వినపడగానే ఉడుత తుర్రమ్మ చెవి వెనక ముల్లు సర్దుకుని, ఒక్క ఉరుకున చెట్టు దిగింది.

ఉడుతకు ముల్లెందుకు అంటారా? చెబుతా పిల్లలూ, తొందరేం!

ఇప్పకోనలో ఉడుతలు, కుందేళ్లు, ముంగిసలు, ఎలుగుబంట్లు ఎన్నో ఉండేవి. అన్నిటికీ సినిమా పిచ్చే. అందుకని అడవికి బొమ్మల శాఖ అని ఒక శాఖ కూడా ఉండేది. దానికి అధికారి ముళ్లపంది ముళ్లయ్యగారు. ఇరవై ఏళ్లు కొలువు చేసి, ఆవేళే పదవి దిగుతున్నారు.

ఆయన రాకముందు సినిమాలన్నీ ఏటి అవతలి పెద్దడవి నుంచే వచ్చేవి. వాటిలో ఇప్పకోన జంతువు కనబడిందంటే, దొంగైనా అయ్యుండాలి, దెబ్బలు తినే జోకరైనా అయ్యుండాలి.

ఆయన కొలువులో చేరిన కొత్తలో తుర్రమ్మ ఒక కథ పట్టుకుని, జంకుతూ ఆయన గదిలోకి వెళ్లింది.

“మా కోన యాసలో సినిమా తీస్తే ఎవరన్నా చూస్తారాండీ?” అంది.

“మీ అమ్మ నిన్ను ఏ యాసలో తిట్టేదమ్మా?” అన్నారు ముళ్లయ్యగారు.

“ఇంకే యాస? మా యాసే!”

“అర్థమయ్యేదా?”

“ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమయ్యేదండీ!”

“మరింకేం! వెళ్లి తియ్యి.”

ఆయన తన వీపు మీంచి ఒక ముల్లు పీకి, నేరేడు రసంలో ముంచి, అనుమతి కాగితం మీద సంతకం పెట్టారు. ఆ ముల్లు తుర్రమ్మ చేతిలోనే పెట్టి, “కథ దీంతో రాయి” అన్నారు. ఆ తర్వాత ఎవరొచ్చినా అంతే. ఒక సంతకం, ఒక ముల్లు. ఇప్పకోన సినిమాలు ఏరు దాటి పెద్దడవిలో కూడా ఆడాయి. ఇక్కడేమో ముళ్లయ్యగారి వీపు పలచబడుతూ పోయింది.

సరే, సన్మానం దగ్గరికి వద్దాం. సన్మాన సంఘం అధ్యక్షుడు నెమలి పింఛారావు. పెద్దడవి సినిమాల్లో రెండు డాన్సులు చేసి వచ్చాడు. అప్పటినుంచి నేల మీద నడవడం కూడా మరిచిపోయాడు. ముళ్లయ్యగారిని వేదిక మీద నిలబెట్టి, తన డాన్సుల గురించి గంటసేపు మాట్లాడాడు.

“భోజనాలెప్పుడయ్యా?” అని కింద నుంచి ఎలుగుబంటి అరిచాడు.

పింఛారావు చిరాకుగా పట్టు శాలువా విప్పాడు. కప్పబోయి, ఆయన బోసి వీపు చూసి పకపకా నవ్వాడు.

“ఇదేంటండీ! ముళ్లపందికి ముళ్లు పోతే ఇక మిగిలేది పందే కదా!”

ముళ్లయ్యగారు తల దించుకుని మెల్లగా మెట్లు దిగసాగారు.

‘ఇంతమందికి తలెత్తుకోవడం నేర్పిన పెద్దాయన, తల దించుకుని ఇంటికెళ్లడమా? ఈ ఒక్క రోజూ దాటిపోతే మళ్లీ రాదే!’ అనుకుంది తుర్రమ్మ. ఒక్క గెంతులో వేదికెక్కి, పింఛారావు చేతిలోని శాలువా లాగేసుకుంది. చెవి వెనక ముల్లు తీసి దానికి కసుక్కున గుచ్చింది.

“అయ్యో, నా పట్టు శాలువా!” అన్నాడు పింఛారావు.

“శాలువా నీదే కావచ్చు. నా మొదటి సినిమా మాత్రం ఈ ముల్లు రాసిందే!” అంది తుర్రమ్మ.

అంతే! ముంగిస వచ్చి తన ముల్లు గుచ్చింది. కుందేలు గుచ్చింది. ఎలుగుబంటి ఆకలి మరిచిపోయి బొడ్లోంచి తన ముల్లు తీశాడు. వరస కట్టి ముప్పై ఏడు మంది వచ్చారు. ఆ శాలువా వీపున కప్పేసరికి, ముళ్లయ్యగారు కొలువులో చేరిన మొదటి రోజులాగా నిండుగా కనిపించారు. ఆయన కళ్లు చెమర్చాయి.

ఎవరూ తనవైపు చూడకపోయేసరికి పింఛారావుకు ఒళ్లు మండింది. విసురుగా తోక తిప్పి వెళ్లబోయాడు. ఆ తోక కాస్తా శాలువా ముళ్లలో చిక్కింది. గట్టిగా లాగాడు. ఈకలన్నీ పటపటా ఊడి అక్కడే ఉండిపోయాయి.

“పింఛం పోతే మిగిలేది కోడే!” అని కావయ్య అరిచాడు. సభంతా విరగబడి నవ్వింది.

ముళ్లయ్యగారు చెయ్యెత్తారు.

“ఆపండి! ఒకర్ని చిన్నబుచ్చే డైలాగు ఈ ఇరవై ఏళ్లలో నేనొక్కటీ ఒప్పుకోలేదు. ఇవాళ ఇంకో గంట నా కొలువుంది. బాబూ పింఛారావు, ఈకలు మళ్లీ వస్తాయిలే. రా, ముందు తిందువుగాని.”

పింఛారావు సిగ్గుతో ముడుచుకుపోయి, “తప్పయిపోయిందండీ” అన్నాడు. వడ్డన గరిటె తనే అందుకున్నాడు.

మోదుగాకు విస్తళ్లలో ఇప్పపూల పాయసం, పుట్టగొడుగుల కూర పడ్డాయి. వేదిక మీద ఆయనకని వేసిన కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ముళ్లయ్యగారు నేల మీద తుర్రమ్మ పక్కన కూర్చున్నారు. ఆయన చేత్తో పిలిస్తే, ఆఖర్న పింఛారావు కూడా వచ్చి కూర్చున్నాడు. అప్పుడు గానీ ఎవరూ ముద్ద ఎత్తలేదు.

నీతి: పదిమందికీ పంచినవాడి వీపు బోసిపోయినా, అందుకున్నవాళ్లు మరిచిపోనంతకాలం అతని నిండుతనం తగ్గదు.