మూతచూపులు

అనగనగనగా, గిటారు తీగ మీటితే కోటగోడలు కూడా చెవులు రిక్కించే రోజుల్లో, తంత్రీపురమని ఒక రాజ్యం ఉండేది.

ఆ రోజుల్లో కరెంటెక్కడిది, గిటార్లెక్కడివి అని అడక్కండి. కోట వెనక జలపాతం ఉంది. దాని కింద పెద్ద చక్రం తిరిగేది. చక్రం తిరిగితే కరెంటు వచ్చేది. ఇక గిటార్లంటారా, పొలం దున్నేవాడి ఇంట్లోనూ ఒకటుండేది, రాజ్యమేలేవాడి ఇంట్లోనూ ఒకటుండేది. కథ చెప్పేది నేను. మీరు వినండి.

గిటారు తీగ తనంతట తాను మెల్లగానే పలుకుతుంది. ఆ పలుకు పదిమందికీ వినబడాలంటే యాంప్లిఫయరు కావాలి. ఆ మాటకు నోరు తిరగక తంత్రీపురం జనం దాన్ని పాటపెట్టె అనేవారు. పాటపెట్టెకు ప్రాణం వాల్వు. వాల్వంటే గాజుబుడ్డి. అందులో సన్నని తీగ ఉంటుంది. ఆ తీగ మెల్లమెల్లగా వేడెక్కి, నిప్పులా ఎర్రబడితే అప్పుడు పెట్టె గొంతు విప్పుతుంది.

పాటపెట్టెలు చేయడంలో ఆ రాజ్యంలో తిరిపాలమ్మను మించినవాళ్లు లేరు. తండ్రి గురవయ్య దగ్గర నేర్చిన విద్య అది. ఆయన పోయాక కొట్టు ఆమే నడిపింది.

ఎవరైనా పెట్టె కావాలని వస్తే, "కూర్చో నాయనా, ముందు ఒకసారి వాయించు" అనేది. కళ్లు మూసుకుని వినేది. మెల్లగా మీటేవాళ్లకు ఒక రకం పెట్టె, తీగలు తెగేట్టు బాదేవాళ్లకు ఇంకో రకం. ఒకరికి చేసింది ఇంకొకరికి ఇచ్చేది కాదు. తీగ తానే చుట్టేది, టంకం తానే పెట్టేది, చెక్క తానే చిత్రిక పట్టేది. ఒక పెట్టెకు మూడు నెలలు పట్టేది. తొందరపెట్టేవాళ్లకు నాలుగు నెలలు.

ఆ కొట్టుకు ఒక ఆచారం ఉంది. పెట్టెను ఇంటికి తీసుకుపోయే ముందు, కొన్నవాళ్లు వెనక మూత తీసి లోపలంతా చూడాలి. మనుషులకు పెళ్లిచూపులున్నట్టే పెట్టెకు మూతచూపులన్నమాట. లోపల తీగలన్నీ దువ్వి అల్లిన జడలా వరసగా ఉండేవి. మూతకు లోపలి వైపున ఉలితో చెక్కిన రెండు పేర్లుండేవి. ఒకటి వాయించేవాళ్లది, ఒకటి చేసినవాళ్లది.

ఇలా ఉండగా భూషణయ్య అనే వర్తకుడు ఆ ఊళ్లో దిగాడు. మీసానికి సంపెంగ నూనె, మాటకు తేనె. "పాత పెట్టె ఇవ్వండి, కొత్త పెట్టె పట్టుకుపోండి!" అని బజారంతా చాటింపు వేయించాడు. అతని పెట్టెల్లో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత నునుపు. ముందువైపు పన్నెండు వాల్వులు ధగధగమని వెలిగేవి. జనం ఎగబడ్డారు. గురవయ్య చేసిన పాత పెట్టెలు ఒక్కొక్కటే భూషణయ్య గోదాములోకి చేరాయి. ఒక్కో పెట్టె పోయినప్పుడల్లా తిరిపాలమ్మకు తండ్రి మళ్లీ పోయినట్టుండేది.

అయినా బాగా వాయించేవాళ్లు మాత్రం ఆమె కొట్టునే వెతుక్కుంటూ వచ్చేవారు. అది భూషణయ్యకు కంటగింపైంది. ఒకనాడు తానే ఆ గడప ఎక్కాడు.

"తిరిపాలమ్మా, నీ చేతిలో పనితనముంది. నా చేతిలో అంగడుంది. నువ్వు చేసిపెట్టు, నేను అమ్మిపెడతాను. పేరు మాత్రం నాది వేద్దాం."

"మూత లోపల కూడానా?"

"లోపల ఎవడు చూడొచ్చాడమ్మా?"

"చేసిన చేతికి తెలుసు కదా, భూషణయ్య గారూ. నా పేరు లేకుండా నా పెట్టె ఈ గడప దాటదు."

భూషణయ్య మొహం మాడిపోయింది. తిన్నగా కోటకు పోయాడు.

ఆ రాజ్యాన్ని ఏలే రాగవర్ధన మహారాజుకు సింహాసనం కన్నా గిటారంటేనే మక్కువ. రాబోయే వసంతోత్సవంలో ప్రజల ముందు వాయించాలని ఏడాదిగా సాధన చేస్తున్నాడు.

"మహారాజా, ఒక రాజ్యానికి ఒకే పాటపెట్టె ఉంటే అందం" అన్నాడు భూషణయ్య. "నా పెట్టెనూ, తిరిపాలమ్మ పెట్టెనూ మూడు రోజులు సభలో పాడించండి. గెలిచినవాళ్ల పేరే ఇకమీదట ప్రతి పెట్టె మీదా ఉండాలి. ఓడిన కొట్టువాళ్ల పేర్లు ఎక్కడున్నా చిత్రిక పట్టి చెరిపేయాలి."

రాజుకు అదొక వేడుకగా తోచింది. సరేనన్నాడు. రాజులకు వేడుకగా తోచినవన్నీ ఎవరో ఒకరి ప్రాణం మీదికి వస్తాయి, ఏం చేస్తాం!

కబురు తిరిపాలమ్మకు చేరింది. ఓడితే తన పేరొక్కటే పోదు. పాత పెట్టెల మూతల్లో తండ్రి పేరు కూడా పోతుంది. ఆయన గుర్తుగా ఈ లోకంలో మిగిలింది అదొక్కటే. మర్నాడు ఆమె కోటకు వెళ్లి, "మహారాజా, ఒకసారి వాయించండి" అంది. కళ్లు మూసుకుని విన్నది. ఇంటికొచ్చి పనిలో కూర్చుంది. మూడు నెలలు మరి తల ఎత్తలేదు.

వసంతోత్సవం దగ్గరపడింది. సభ తీరింది. రెండు పెట్టెలూ ఎదురెదురుగా పెట్టారు.

మొదటి రోజు, ఏది ముందు పలుకుతుందో చూద్దామన్నాడు మంత్రి. భూషణయ్య మీట నొక్కాడో లేదో పన్నెండు వాల్వులూ భగ్గున వెలిగాయి, పెట్టె ఖంగున మోగింది. తిరిపాలమ్మ పెట్టె మాత్రం ఉలకలేదు, పలకలేదు. తాంబూలం నోట్లో వేసుకుని సగం నమిలేంతసేపు ఊరుకుంది.

"మూగపెట్టె! మూగపెట్టె!" అని సభ గొల్లుమంది.

"లోపల వేడి పుట్టాలి కదయ్యా" అంది తిరిపాలమ్మ. "అన్నం ఉడికేదాకా ఆగుతారు, పాటకు ఆ మాత్రం ఆగలేరా? ఈలోగా రండి, మూతచూపులు కానివ్వండి."

"ఇక్కడ పెళ్లేమీ జరగడం లేదమ్మా" అన్నాడు మంత్రి. సభ మళ్లీ నవ్వింది. ఆ నవ్వుల్లో ఆమె పెట్టె మెల్లగా గొంతు విప్పింది గానీ, వినేవాళ్లెవరు?

అంతఃపురం పిల్లి ఒకటుంది, దాని పేరు గుమ్మడి. పేరుకు తగ్గ ఒళ్లు. అది రెండు పెట్టెల చుట్టూ తిరిగి, వాసన చూసి, తిరిపాలమ్మ పెట్టె మీదికెక్కి ముడుచుకు పడుకుంది.

ఆ రోజే తిరిపాలమ్మ ఒక సంగతి కనిపెట్టింది. మీట నొక్కగానే భగ్గున వెలిగే వాల్వు ఈ లోకంలో లేదు. ఆమెకు అంతా అర్థమైంది. కానీ, "ఎదుటివాడి పెట్టెను తిట్టి మన పెట్టెను పొగుడుకోకూడదు, తల్లీ. మన పెట్టెను పలకనివ్వాలి" అని తండ్రి చెప్పిన మాట ఒకటుంది. పళ్ల బిగువున ఊరుకుంది.

రెండో రోజు, ఏది గట్టిగా మోగుతుందో చూశారు. భూషణయ్య పెట్టె మోతకు కోట మీది పావురాలు లేచిపోయాయి. మంత్రిగారి తలపాగా పక్కకు జరిగింది. తిరిపాలమ్మ పెట్టె సభ చివరి వరసదాకా చక్కగా వినిపించింది, అంతకు మించి అరవలేదు.

"విన్నారా మహారాజా? దాని నెత్తిన పడుకున్న పిల్లి కూడా లేవలేదు!" అన్నాడు భూషణయ్య. అందరూ పగలబడి నవ్వారు. గుమ్మడి నిజంగానే లేవలేదు. హాయిగా గుర్రు పెడుతోంది.

ఇక మిగిలింది మూడో రోజు. రాజు తానే రెండు పెట్టెల మీదా వాయించి తీర్పు చెప్పాలి.

ముందు భూషణయ్య పెట్టె. రాజు మెల్లగా మీటాడు, పెట్టె గర్జించింది. గట్టిగా మీటాడు, అదే గర్జన. వేళ్లు తడబడ్డాయి, అప్పుడూ అదే గర్జన. సభంతా ఆహా ఓహో అంది.

తరువాత తిరిపాలమ్మ పెట్టె. రాజు మెల్లగా మీటితే అది చెవిలో రహస్యం చెప్పినట్టు పలికింది. గట్టిగా మీటితే కసిరింది. ఏడాదిగా సాధన చేసిన గమకం తీగ మీద జారిపోతుంటే, ముందు వరసలో కూర్చున్న ముసలి సేనాపతి కళ్లు తుడుచుకున్నాడు. అంతలో రాజు వేలు పక్క మెట్టు మీద పడింది. ఒక్క అపస్వరం, స్పష్టంగా, సభంతా వినబడింది.

అందరూ రాజు మొహం వైపు చూశారు.

"చూశారా మహారాజా!" భూషణయ్య ఎగిరి గంతేశాడు. "నిండు సభలో తమకు తలవంపులు తెచ్చింది! నా పెట్టెలో తప్పనేదే వినబడదు!"

రాజు మొహం ఎర్రబడింది. "దీనికేమంటావు తిరిపాలమ్మా?"

ఆమె తండ్రి పేరు కళ్ల ముందు కదిలింది. అయినా తల దించలేదు.

"తప్పు వినిపించని పెట్టెలో తమరి ఒప్పు కూడా వినిపించదు మహారాజా. తమరి చేతిలో ఏముందో అదే ఈ పెట్టె చెబుతుంది. నేను నేర్చింది అదొక్కటే."

రాజు ఆలోచనలో పడ్డాడు. అతని చూపు పెట్టె మీద పడుకున్న పిల్లి మీద ఆగింది. ఆ రోజుల్లో పిల్లులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయి గానీ, పాలు పోసేవాళ్లతోనే.

"గుమ్మడీ, మూడు రోజులుగా చూస్తున్నాను. మెరిసే పెట్టెను వదిలేసి దీని మీదే పడుకుంటున్నావు. దీని పాట అంత నచ్చిందా?"

గుమ్మడి ఒక కన్ను తెరిచింది. "పాటతో నాకేం పని మహారాజా? నాకు వెచ్చదనం కావాలి. ఇది వెచ్చగా ఉంది. అది చల్లగా ఉంది." మళ్లీ కన్ను మూసుకుంది.

"పన్నెండు వాల్వులు వెలుగుతుంటే చల్లగా ఎలా ఉంటుంది?" అన్నాడు రాజు. "తిరిపాలమ్మా, నువ్వు చెప్పు."

"నేను చెబితే కడుపుమంట అంటారు మహారాజా. తమరే చేయి పెట్టి చూడండి."

రాజు లేచి వెళ్లి ఆమె పెట్టె మీద ఒక చేయి పెట్టాడు. అప్పుడే దించిన పాలగిన్నెలా ఉంది. భూషణయ్య పెట్టె మీద ఇంకో చేయి పెట్టాడు. అది గచ్చులా చల్లగా ఉంది.

"మూతచూపులు కానివ్వండి!" అన్నాడు రాజు.

"వద్దు మహారాజా! లక్కముద్ర వేసిన పెట్టె! విప్పితే శ్రుతి ఎగిరిపోతుంది!" భూషణయ్య పెట్టెకు అడ్డం పడ్డాడు.

"ముందు నా పెట్టె చూడండి మహారాజా" అంది తిరిపాలమ్మ. తానే మూత విప్పి, పక్కకు జరిగి, నిటారుగా నిలబడింది.

రాజు మోకాళ్ల మీద వంగి లోపలికి చూశాడు. మూడే మూడు వాల్వులు, పొయ్యిలో నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. తీగలన్నీ వరస తప్పకుండా ఉన్నాయి. ఎవరూ చూడని మూలలో టంకం చుక్క కూడా ముత్యంలా మెరుస్తోంది. మూత లోపల రెండు పేర్లు: రాగవర్ధనుడి చేతికి, తిరిపాలమ్మ చేతితో.

తరువాత భటులు లక్క పగలగొట్టారు. భూషణయ్య పెట్టెలో పన్నెండు గాజుబుడ్లూ ఉత్త బుడ్లే. ఒక్కోదాని కింద ఒక్కో ఎర్ర దీపం. ఒక మూల, వేడెక్కకుండానే మోగే గోరంత నల్లముక్క ఉంది, ఇప్పుడు మనం చిప్పు అంటామే, అది. మోత మోగించిందంతా అదే. పాపం, ఆ నల్లముక్కది తప్పేముంది? దాని పేరు చెప్పి అమ్మి ఉంటే అదీ ఒక పెట్టే. వాల్వుల పెట్టె అని చెప్పి అంటగట్టడమే మోసం.

సభ ముక్కున వేలేసుకుంది. భూషణయ్య మీసాలు వాలిపోయాయి.

రాజు తీర్పు చెప్పాడు. "ఎవరి పేరూ చెరపడానికి వీల్లేదు. భూషణయ్యా, ఇకమీదట నువ్వేది అమ్మినా మూత తీసి చూపించాకే అమ్మాలి. నీ గోదాములో ఉన్న పాత పెట్టెలన్నీ ఎవరివి వాళ్లకు ఈరోజే అప్పగించు." తరువాత తిరిపాలమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నీ పేరు బంగారు రేకు మీద చెక్కించి పెట్టె ముందు బిగిస్తాను."

"ముందు వద్దు మహారాజా" అంది తిరిపాలమ్మ. "ముందువైపు తమరి పాటకు వదిలేయండి. నా పేరు లోపలుంది. మూత తీసినవాళ్లకు కనబడుతుంది. నాకదే గొప్ప."

ఆ సాయంత్రం పాత పెట్టెలు బండ్లకెక్కి ఆమె కొట్టు మీదుగానే ఇళ్లకు బయల్దేరాయి. ఆమె ఒక్కొక్కటీ దింపించి, మూత తీసి, దుమ్ము తుడిచి చూసింది. ప్రతి మూతలోనూ గురవయ్య పేరు నిన్న చెక్కినట్టే ఉంది. ఒకదాంట్లో ఆ పేరు కింద, వంకరటింకర అక్షరాలతో, తాను ఆరేళ్లప్పుడు చెక్కిన తన పేరూ ఉంది. చెరపకుండా ఉంచాడు నాన్న. ఆమె ఆ అక్షరాల మీద చేయి పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది.

వసంతోత్సవంలో రాజు తప్పు లేకుండా వాయించాడు. ఆనాటి నుంచి పరదేశపు రాజులెవరొచ్చినా ముందు పాట వినిపించేవాడు కాదు. "ఇలా రండి" అని పిలిచి, గర్వంగా వెనక మూత తీసి చూపించేవాడు. భూషణయ్య పెట్టెలు ఇప్పటికీ తంత్రీపురంలో ఉన్నాయట. లోపల ఉత్త ఖాళీయే కదా, వాటి కింద కోళ్లను కమ్ముతున్నారు.

కథ పెట్టెలోకి, మనం పక్కల్లోకి. పిల్లలూ, పైమెరుగు చూసేవాళ్లను మూడు రోజులు మురిపిస్తుంది. ఎప్పుడు మూత తీసినా తలెత్తుకుని చూపించగలిగిన పనే చేసినవాళ్ల పేరు నిలబెడుతుంది.