గొడుగుల ఊళ్ళో లావు తీగ

ఆ ఊళ్ళో పాట వింటే తడిసిపోతారు.

మాటవరసకి అనడం కాదు. ఎవరైనా మనసుపెట్టి పాడితే ఆ గొంతు పైకి లేచి, కప్పుకి తగిలి, చినుకులై కిందికి రాలుతుంది. మంచి పాటైతే జల్లు. ఇంకా మంచిదైతే వాన. అందుకని ఆ ఊరివాళ్ళు సంగీత సభకి గొడుగులు పట్టుకెళతారు. తడిస్తే ఏమవుతుందని ఎవరూ అడగరు. వాళ్ళ తాతలు తడవలేదు, తండ్రులు తడవలేదు. పొడిబట్టలతో ఇల్లు చేరడమే పెద్దమనిషి లక్షణమని అక్కడ ఉయ్యాల్లో పిల్లలకి కూడా తెలుసు.

ఆ ఊళ్ళో ఒకామె ఉండేది. మనిషంత ఎత్తుండే బేస్ అనే వాద్యాన్ని ఒంటికి ఆనించుకుని నిలబడి, దాని లావు తీగల్ని వేళ్ళతో మీటుతూ పాడేది. దాన్ని భుజాన వేసుకుని సందులో వెళుతుంటే, తాగొచ్చిన మొగుణ్ణి ఇంటికి మోసుకెళుతున్నట్టుందని జనం నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

ఆమె పాడేది జాజ్. అదేం సంగీతమని అడిగితే చెప్పడానికి కాస్త తడబడేది. "తిన్నగా ఇంటికెళ్ళే దారి మనకి తెలుసు కదండీ. తెలిసీ, వెన్నెల బాగుందని పక్క సందులోకి తిరుగుతాం చూడండి. అదీ" అనేది.

చిన్నప్పుడు రేవులో ఆగిన ఓడ మీద ఎవరో ముసలాయన ఆ వాద్యం వాయిస్తుంటే ఆమె మొదటిసారి తడిసింది. గొడుగు తెచ్చుకోవాలని తెలియని వయసు. ఆ తల ఎన్నాళ్ళకీ ఆరలేదు. ఆ తడిలోంచే ఆమెకి పాట మొలిచింది. అప్పట్నించీ ఆమెకి ఒకటే కోరిక. తన పాటకి ఒక్క మనిషి తడవాలి. ఒక్కరంటే ఒక్కరు.

మొదట్లో ఆమె పాటలన్నీ తుంపర్లే. గొడుగు మీద ఆవాలు చిటపటలాడినట్టు ఆడి ఆగిపోయేవి. ఊరు ముచ్చటపడింది. తర్వాత ఆమె చాలాకాలం తలుపేసుకుని కూర్చుని కొత్త పాటలు కట్టింది. అన్నీ కలిపి ఆల్బమ్ అని పేరుపెట్టి, ఒక సాయంత్రం ఊరి సభలో మొదట్నించి చివరిదాకా వినిపించింది.

ఆ సాయంత్రం సభలో కుండపోత. ఆమె జుట్టు మొహానికి అతుక్కుపోయింది. పమిట కొంగులోంచి నీళ్ళు కారాయి. చివరిపాట అయిపోయాక ఆశగా కళ్ళు తెరిచి చూసింది. ఎదురుగా వరసలు వరసలుగా గొడుగులు. వాటికింద ఎండలో పెట్టిన వడియాల్లా పొడిపొడిగా మనుషులు.

సభ వదిలాక అందరూ ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర చేరారు. ఆ ఊళ్ళో పాట సభలో మొదలవుతుంది కానీ ముగిసేది టీ బడ్డీ దగ్గరే.

తాటాకు గొడుగావిడ ముందు నోరు విప్పింది. "ఏం పాటమ్మా అది! ఒకటే లొడలొడ. కాసేపు నెమ్మదిగా ఉంటేనా!"

పట్టుగొడుగాయనకి ఆ మాట నచ్చలేదు. "లొడలొడ ఎక్కడండీ? జోలపాటలా ఉంటేనూ! నేనైతే రెండోపాటకే కునుకు తీశాను."

"మీరు ఇంట్లో ఉన్నా నిద్రపోతారు, సభలో ఉన్నా నిద్రపోతారు. మీ నిద్రకి ఆ పిల్లేం చేస్తుంది?" అంది తాటాకు గొడుగావిడ.

ప్లాస్టిక్ గొడుగు కుర్రాడు మధ్యలో దూరాడు. అవతలి మనిషి కనపడేంత పల్చటి గొడుగు అతనిది. "నేను మీలాంటోణ్ణి కాదండీ. ఓపెన్‌గా వింటాను. ప్రతి చుక్కా వచ్చి పడటం కళ్ళారా చూశాను. అద్భుతం!"

"మరి తడిశావా?" అని వెనకనించి ఆమె ఆత్రంగా అడిగింది.

"అబ్బే, ఒక్క చుక్క కూడా పడలేదు మేడమ్" అన్నాడు కుర్రాడు గర్వంగా.

అసలు సభకే రాని పెద్దమనిషి ఒకాయన, మడత విప్పని గొడుగు చంకలో పెట్టుకుని, "అంతా ఓడలవాళ్ళ దగ్గర ఎత్తుకొచ్చిన సరుకు. వినక్కర్లేదు, తెలిసిపోతుంది" అన్నాడు. ఆయన మాటకే ఎక్కువమంది తలలూపారు. వినకుండా చెప్పిన మాటలో తొణుకు ఉండదు కదా.

మాటామాటా పెరిగింది. పాట సంగతి పక్కకి పోయి, గొడుగుల కొనలతో పొడుచుకునేదాకా వచ్చింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు మధ్యలో టీ బడ్డీవాడి గాజు గ్లాసులు పగిలాయి.

ఆమె పక్కన నిలబడి కొంగు పిండుకుంటూ వింది. వినగా వినగా ఆమెకి తెలిసొచ్చింది. తాటాకు మీద చినుకు పడితే లొడలొడలాడుతుంది. పట్టు మీద పడితే చప్పుడే ఉండదు. ఎవరి గొడుగు చప్పుడు వాళ్ళు విని, అదే తన పాటనుకుంటున్నారు!

ఇంటికెళితే వాళ్ళ పిన్ని గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమెని పెంచింది పిన్నే.

"ఏమే తల్లీ, జలుబు చేస్తుంది, తల తుడుచుకో. వాళ్ళ మాటలకేం గానీ, నీ పాట బంగారం!"

"ఏ పాట నచ్చింది పిన్నీ?"

"అన్నీను. నువ్వు పాడావుగా!"

"నేను అరిచినా బాగుందంటావు నువ్వు."

"అంటాను. నా బిడ్డవి కాదూ!"

ఆమె పిన్ని చీర అంచు పట్టుకుని చూసింది. కరకరలాడే గంజి అలాగే ఉంది. గోడకి పూలగొడుగు ఆనించి ఉంది. అది పిన్ని సొంతంగా కుట్టుకున్న గొడుగు. ప్రేమతో కుట్టిందేమో, ఎక్కడా చిన్న చిల్లైనా లేదు. ఆ పొడి అంచు చూశాక ఆమెకి టీ బడ్డీ మాటలన్నిటికంటే ఎక్కువ బాధేసింది. మింగలేక కక్కలేక వెళ్ళి పడుకుంది.

మర్నాడు సభాపతి కబురంపాడు. పెద్దవయసు మనిషి. ఆయన చేతిలో ఉండే నల్లగొడుగు తాతలనాటిది. మాసికల మీద మాసికలు పడి అసలు గుడ్డ ఏదో తెలియకుండా ఉంటుంది. ఆయన ఆ గొడుగు ఎత్తి పట్టుకుంటే ఊరు ఊరంతా లేచి నిలబడుతుంది.

"చూడమ్మాయ్" అన్నాడాయన. "ఊరు రెండుగా చీలింది. ఊరు ఒక్కమాట మీద లేని పాటకి సభలో చోటుండదు. అది మన ఆచారం."

"తెలుసండీ అయ్యగారూ."

"నీ దగ్గరున్న చిక్కేమిటంటే, మీటుతూ పాడతావు. ఉరిమే మబ్బు కురవదని సామెత. నువ్వు ఉరుముతావు, కురుస్తావు, రెండూ నువ్వే చేస్తావు. వినేవాడు దేనికని గొడుగు పట్టాలి?"

"పట్టకపోతే ఏమవుతుందండీ?"

సభాపతి ఆమె వైపు చూసిన చూపు, నడివీధిలో బట్టలు విప్పమన్న మనిషిని చూసినట్టుంది.

"ఇంకొక్క సాయంత్రం ఇస్తాం" అన్నాడు గొంతు తగ్గించి. "ఊరు ఒక్కమాట మీదికొస్తే సభ నీదే. బతికినన్నాళ్ళూ పాడుకో. రాకపోతే ఆ చెక్కపెట్టెని గిడ్డంగిలో పడేస్తాం. నువ్వు మునుపటిలా తుంపర పాటలు పాడుకుందువు గాని."

చెక్కపెట్టె అన్నాడు కానీ, అది లేకపోతే ఆమె సగం మనిషి.

"ఒక్కమాట మీదికి ఎలా వస్తారండీ?"

"ఆ ఏర్పాటు మేం చూస్తాంలే" అన్నాడు సభాపతి.

ఏర్పాటు నిజంగానే చూశారు. ఆ సాయంత్రానికి సభ కప్పు కింద ఈ గోడనించి ఆ గోడదాకా ఒకే టార్పాలిన్ బిగించి కట్టారు. గొడుగుకో చప్పుడు ఉండబట్టే కదా గొడవ, ఇప్పుడు అందరికీ ఒకటే గొడుగు. ఆ ఆలోచన చేసిన కమిటీకి కమిటీయే శాలువాలు కప్పుకుంది. పైన టార్పాలిన్ ఉన్నా జనం కింద ఎవరి గొడుగులు వాళ్ళు విప్పుకునే కూర్చున్నారు. అలవాటు.

ఆమె వేదిక ఎక్కగానే ఇద్దరు మనుషులు వచ్చి జలతారు గొడుగొకటి ఆమె నెత్తిన పట్టారు. సన్మానమట! ఆమె కూడా తన పాటలో తడవకుండా.

ఆమె మొదటి పాట పాడింది. గొంతు పైకెళ్ళి టార్పాలిన్ దాటింది. చినుకులు రాలాయి, పైనే నిలిచాయి. కింద ఎవరికీ ఏ చప్పుడూ వినపడలేదు. పాటైపోగానే సభంతా ఒక్క గొంతుతో, "బాగుంది!" అంది.

రెండో పాట పాడింది. "బాగుంది!"

సభాపతి ముందు వరసలోంచి లేచి వచ్చి మెల్లగా అన్నాడు. "అయిపోయిందమ్మాయ్. గెలిచావు. ఇక దణ్ణం పెట్టి దిగిపో."

ఆమె సభ వైపు చూసింది. తాటాకు గొడుగావిడా పట్టుగొడుగాయనా తోబుట్టువుల్లా పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటున్నారు. ప్లాస్టిక్ కుర్రాడికి చప్పట్లు కొట్టీ కొట్టీ చేతులు ఎర్రబడ్డాయి. సభకి రాని పెద్దమనిషి కూడా వచ్చాడు. పిన్ని పూలగొడుగు ఊపుతోంది. దణ్ణం పెడితే సభ తనది, వాద్యం తనది, బతికినన్నాళ్ళూ పాట తనది. చేతులు జోడించబోయింది. జోడించాలంటే వాద్యాన్ని వదలాలి.

వదల్లేకపోయింది.

"ఇంకొకటుందండీ అయ్యగారూ" అంది.

"పిచ్చిపని చెయ్యకు."

"ఇందులో పాటుండదు లెండి."

ఆయన వేదిక కిందే నిలబడిపోయాడు. ఆమె పెదాలు బిగించుకుని, అన్నిటికంటే లావు తీగని ఒక్కదాన్నే మీటింది. ఇన్నాళ్ళూ ఆ తీగని గొంతుకి ఊతకర్రలా వాడింది తప్ప దాన్ని ఒంటరిగా ఎప్పుడూ మాట్లాడనివ్వలేదు.

ఆ నాదం పైకి వెళ్ళలేదు. వాద్యం పొట్టలోంచి కాళ్ళలోకి, కాళ్ళలోంచి నేలలోకి దిగింది. దిగి, చాలాసేపు కనపడలేదు.

ముందుగా తాటాకు గొడుగావిడ కాలు పైకి లాక్కుంది. "అయ్యో, ఇదేమిటి, చల్లగా!"

నాపరాళ్ళ సందుల్లోంచి నీరు ఊరుతోంది. తెల్లగా, చప్పుడు లేకుండా, చెలమలో ఊరినట్టు. ఆమె ఇంకోసారి మీటింది. నీరు మడమలు దాటింది. పైనించి వచ్చేదానికి ఊరంతా తయారుగా ఉంది. కిందనించి వస్తుందని ఎవరి తాతా చెప్పలేదు.

సభ అల్లకల్లోలమైంది. ముందు తెలివి ప్లాస్టిక్ కుర్రాడికే వచ్చింది. గొడుగు తిరగేసి నీళ్ళమీద పెట్టి అందులో ఎక్కి కూర్చున్నాడు. అది తేలింది. చూసినవాళ్ళు చూసినట్టే అందరూ గొడుగులు తిరగేశారు. బుట్టల్లో కోడిపెట్టల్లా మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, పంచెలూ చీరలూ తడవకుండా పైకి పట్టుకుని, గొడుగుకి గొడుగు తగులుతుంటే తిట్టుకుంటూ, గుమ్మంలోంచి బయటికి కొట్టుకుపోయారు.

పోతూ కూడా ఊరుకోలేదు.

"జారుడుగా ఉంది!"

"కాదండీ, ఊపు ఎక్కువైంది!"

"నేను ముందే చెప్పాను, ఓడలవాళ్ళ సరుకని!"

పిన్ని పూలగొడుగు చివరగా గుమ్మం దాటింది. "బంగారం తల్లీ, బంగారం!" అంటూ చేతులూపింది. చీర అంచుకి నీటి చుక్క అంటలేదు. జలతారు గొడుగు పట్టినవాళ్ళు కూడా దాన్నే తిరగేసుకుని ఎక్కి వెళ్ళిపోయారు.

సభలో ఆమె మిగిలింది. ఆమెకి నాలుగడుగుల దూరంలో సభాపతి మిగిలాడు.

ఆయన గొడుగు తిరగెయ్యలేదు. తాతలనాటి గొడుగు. దాన్ని తలకిందులు చేసి, అందులో కూర్చుని ఊరేగడానికి ఆయనకి చెయ్యి రాలేదు. నెత్తిన అలాగే పట్టుకుని మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డాడు. మోకాళ్ళ పైన పంచె పొడిపొడిగా ఉంది. కింద ఒంటికి అతుక్కుపోయింది. మొహం మాత్రం ఎప్పటిలా గంభీరంగా ఉంది.

ఊరు ఒక్కమాట మీద లేదు సరికదా, ఊరే లేదు. రేపు తన వాద్యం గిడ్డంగికి పోతుందని ఆమెకి తెలుసు. అయినా తీగ మీద వేలు తియ్యకుండా అడిగింది.

"ఎలా ఉందండీ అయ్యగారూ?"

"బాగాలేదు" అన్నాడాయన.

"చలేస్తోందేమో. మెట్లమీదికి రండి."

ఆయన కదల్లేదు. నీళ్ళలోకి చూసుకున్నాడు. నీళ్ళ అడుగున ఆయన బొటనవేలు ఒకటి దానంతటది కదులుతోంది.

"ఇంకా అయిపోలేదుగా" అన్నాడు విసుగ్గా. "కానివ్వు."

ఆమె వాద్యంతో సహా ఒక మెట్టు కిందికి దిగి మీటింది.