కాలవకు ఇవతల

హిమజకు ఒక్కటే పట్టింపు. ఎంత దూరం ఎగిరినా తన గ్లైడర్ చివరికి ఎయిర్‌ఫీల్డ్‌లోనే వాలాలి. ఇంజనులేని విమానం కదా, పైకెత్తే గాలి దొరక్కపోతే ఏ చేలోనో దిగక తప్పదు. కానీ అలా దిగొచ్చినవాళ్ళ మెడలో క్లబ్బువాళ్ళు గడ్డి దండ వేసి, "రైతుబిడ్డ వచ్చెనమ్మా!" అంటూ ఊరేగిస్తారు. ఆ దండ తన మెడలో పడలేదని ఆమెకు మహా గీర.

ఆమె చేరిన రెండేళ్ళలో గురువు దస్తగిరి సారు మెడలోనూ పడలేదు. అందుకే ఆయనంటే అంత భక్తి. వచ్చే ఆదివారం ఆమెను మొదటిసారి ఒంటరిగా దూరప్రయాణం పంపాలో వద్దో తేల్చేది కూడా ఆయనే.

ఆ సాయంత్రం ఇద్దరూ రెండు సీట్ల గ్లైడర్‌లో తిరిగొస్తున్నారు. ముందు సీట్లో ఆమె, వెనక ఆయన. గాలి చచ్చిపోయింది. కాలవకు అవతలే ఎయిర్‌ఫీల్డ్. నేల మీదికొస్తున్నకొద్దీ, ఎలాగైనా కాలవ దాటించాలని హిమజ గ్లైడర్ ముక్కు పైకెత్తుతూనే ఉంది. చెవుల్లో గాలి హోరు సన్నబడింది. వేగం పోయింది. ఎయిర్‌ఫీల్డ్ వైపు మలుపు తిప్పుతుండగా గ్లైడర్ వణికి, ఎడమ రెక్క వాలబోయింది. ఇంకొక్క క్షణమైతే బొంగరంలా తిరిగి పడేదే.

"నాకియ్యి," అన్నారు సారు.

ఆయన ముక్కును నేలవైపే దించారు. వేగం పుంజుకోగానే గ్లైడర్ కుదుటపడి, కాలవకు ఇవతలే, కాయ పీకేసిన వేరుశనగ చేలో గతుకులు తింటూ ఆగింది.

"అందేది సార్! కాలవ ఒక్కటీ దాటితే చాలు!" ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

ఆయన పైమూత తెరిచి కిందికి దిగారు. ఇంతలో చేను రైతు పరుగున వచ్చాడు.

"ఏం సారూ, మళ్లా మీరేనా! చానా ఏండ్లాయ. మా నాయన ఉన్నప్పుడు ఈ చేన్లోనే దిగితిరి. మా మామ చేన్లో గూడ దిగితిరి. కూసోండి, శనక్కాయలు ఉడకబెట్టిస్తా."

సారు వాళ్ళింట్లో అందరినీ పేరుపేరునా అడిగారు. హిమజ నోరు తెరుచుకుని చూసింది.

"మీరు ఇన్నిసార్లు దిగారా సార్?"

"లెక్క పెట్టుకోలేదు మా."

కాయలు వచ్చాయి. సారు ఒకటి ఒలిచారు.

"నాకంటే బాగా ఎగిరేటోడు ఒగడుండె. చక్రధర్. ఒక్కసారి గూడ ఎవురి చేన్లోనూ దిగలే."

రైతు కాలవ గట్టు వైపు చూసి, తల దించుకున్నాడు.

చక్రధర్ ఇప్పుడెక్కడున్నాడని హిమజ అడగలేదు. చేతిలో కాయలు పక్కన పెట్టింది. ఫోన్ తీసి క్లబ్బుకు చేసింది.

"చేలో దిగాం. ఇద్దరం బాగున్నాం. గ్లైడర్ తీసుకెళ్ళడానికి ట్రైలర్ బండి పంపండి."

గొంతులో ఎక్కడా సిగ్గు లేదు.

సారు చేతులు దులుపుకుని లేచారు.

"ఆదివారం పెందలాడే రా మా."